ప్రభుత్వ ఆసుపత్రిలో మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ పని నిజంగా ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కాస్ట్ అకౌంటింగ్ చదివారు, ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశారు, ఇప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కొన్ని విభాగాలకు మేనేజ్‌మెంట్ అకౌంటెంట్‌గా, అంటే వాటి ఖర్చులు, బడ్జెట్లు చూసే పనికి, అవకాశం వచ్చింది. పని ఎలా ఉంటుంది, ఇన్నాళ్లూ నేర్చుకున్నది పనికొస్తుందా, డాక్టర్లు మన మాట వింటారా, అక్కడే ఇరుక్కుపోతామా అని అడిగారు. నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మెడికల్ వార్డులు, ఆపరేషన్ థియేటర్లు, ల్యాబు, ఫార్మసీ, కొన్నాళ్లు ఎమర్జెన్సీ లెక్కలు చూశాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

మీకు తెలిసిన లెక్కలన్నీ పనికొస్తాయి. ఒక అలవాటు మాత్రం గేటు బయటే వదిలేసి రావాలి. కాగితం మీద ఖర్చు తగ్గినట్టు కనబడగానే డబ్బు మిగిలిందనుకునే అలవాటు అది. ఆసుపత్రిలో ఈ రెండిటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. నా ఉద్యోగంలో సగం ఆ దూరం ఎంతో కొలవడంతోనే గడిచింది.

నేను కూడా మీలాగే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాణ్నే. చేరిన రెండో నెలలో ఒక వార్డులో గ్లవ్స్ ఖర్చు బడ్జెట్‌కు దాదాపు రెట్టింపు కనబడింది. పాత అలవాటు ప్రకారం, బడ్జెట్‌కూ అసలు ఖర్చుకూ తేడా చూపే వేరియన్స్ రిపోర్ట్ ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, హెడ్ నర్సు దగ్గరికి వెళ్లాను. ఆవిడ కాగితం వైపు చూడనేలేదు. తాళాల గుత్తి తీసుకుని "ఇటు రండి సార్" అంటూ పక్క గదిలోకి తీసుకెళ్లి బీరువా తెరిచారు. పై అర నుంచి కింది అర దాకా గ్లవ్స్ పెట్టెలే. "స్టాక్ లెక్క చూసుకోవాలని స్టోర్స్ పది రోజులు మూసేస్తామన్నారు. అందుకే నెలాఖరులో ఆరు వారాలకు సరిపడా ఇండెంట్ పెట్టుకున్నాను. మీరేమో అవన్నీ వాడేశామంటున్నారు" అన్నారు.

మా సిస్టమ్‌లో స్టోర్స్ గుమ్మం దాటిన క్షణమే సరుకు ఖర్చు కింద పడిపోతుంది. వార్డు బీరువాలో ఉన్నది లెక్కలో ఎక్కడా కనబడదు. ఈ సంగతి నాకు తెలియక కాదు, పుస్తకంలో చదివిందే. కానీ బీరువా చూసేదాకా తట్టలేదు. అప్పటి నుంచి ఏ వేరియన్స్ మీదా ముందు మెయిల్ పెట్టను, నడిచి వెళతాను. ఉదయం రౌండ్స్ జరుగుతుండగా వెళితే మాత్రం ఎవరూ మన మొహం చూడరు. మధ్యాహ్నం షిఫ్ట్ మారాక కాస్త ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, అప్పుడు వెళ్లండి.

ఆసుపత్రి ఖర్చులో సాధారణంగా సగానికి పైగా జీతాలే. అందులోనూ నర్సుల వాటా పెద్దది. కాబట్టి మొదటి మూడు నెలలు మిగతావన్నీ పక్కనపెట్టి డ్యూటీ రోస్టర్ చదవడం నేర్చుకోండి. నేను ఎప్పుడూ కొత్తవాళ్ల చేత వేయించే లెక్క ఒకటుంది.

వార్డులో ఒక స్థానంలో 24 గంటలూ ఒక నర్సు ఉండాలి. అంటే ఏడాదికి 8,760 గంటలు. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు ఒక నర్సు 2,080 గంటలు ఇస్తుంది. భాగిస్తే 4.2. చాలా బడ్జెట్లు ఇక్కడే ఆగిపోతాయి. కానీ సెలవులు, జబ్బు పడిన రోజులు, శిక్షణ రోజులు కలిపి ఏడాదికి 35 రోజులు పోతాయనుకోండి. రోజుకు 8 గంటల లెక్కన 280 గంటలు. మిగిలేవి 1,800. ఇప్పుడు భాగిస్తే 4.87. షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్లను ఒకరికొకరు అప్పగించుకోవడానికి అరగంట పడుతుంది. మూడు షిఫ్టులకు రోజుకు గంటన్నర. అదీ కలిపితే 5.17 అవుతుంది.

ఎప్పుడు చూసినా ఆరుగురు నర్సులు ఉండాల్సిన వార్డుకు 4.2 లెక్కన 25 మంది చాలు. 5.17 లెక్కన 31 మంది కావాలి. ఈ ఆరుగురి తేడా ఎక్కడికీ పోదు. ఓవర్‌టైమ్ రూపంలోనో, ఏజెన్సీ నర్సుల బిల్లు రూపంలోనో మామూలు జీతం కంటే ఎక్కువ రేటుకు తిరిగి వస్తుంది. అప్పుడు ప్రతి నెలా మీటింగులో "ఓవర్‌టైమ్ ఎందుకింత అయింది?" అని వార్డును నిలదీస్తాం. వాళ్లు నీళ్లు నములుతారు. ఒక విభాగాన్ని నేను మూడేళ్లు ఇలా అడిగాను. మూడో ఏడు చివర్లో అసలు బడ్జెట్ ఎలా వేశారో పాత ఫైళ్లు తిరగేస్తే 4.2 కనబడింది. వేసింది మా ఫైనాన్స్ వాళ్లే. వెళ్లి ఆ విభాగం మేనేజర్‌కు క్షమాపణ చెప్పుకున్నాను, అది వేరే సంగతి.

ఇంకో వార్డులో ఈ లెక్కంతా సరిగ్గానే ఉంది. అయినా రాత్రి ఓవర్‌టైమ్ ఒక్కో నెలలో ఉన్నట్టుండి పెరిగిపోయేది. పేషెంట్ల సంఖ్య చూస్తే మామూలే. సీజన్‌తో పోల్చాను, వారాంతాలతో పోల్చాను, పద్నాలుగు పేజీల రిపోర్టు తయారు చేశాను, ఏమీ తేలలేదు. ఆ వార్డు హెడ్ నర్సు టేబుల్ సొరుగులో ఒక పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. అట్ట మూలలు అరిగిపోయి, టేపు అంటించి ఉంది. లోపల చేత్తో గీసిన గడుల్లో తేదీ, బెడ్డు నంబరు, చివరి గడిలో ఒకే మాట: "వదలకూడదు". అయోమయంలో ఉండి రాత్రిపూట ట్యూబులు పీకేసుకునే పేషెంట్లు, లేచి పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్లు. అలాంటి పేషెంట్ ఒక్కరుంటే ఒక మనిషి పక్కనే కూర్చోవాలి. ఆ మాట రాసి ఉన్న రాత్రులు లెక్కపెట్టి ఓవర్‌టైమ్ పక్కన పెడితే, రెండూ కలిసి పెరిగాయి, కలిసి తగ్గాయి. మా సిస్టమ్‌లో ఎక్కడా లేని సమాచారం అరిగిపోయిన ఒక నోట్‌బుక్‌లో ఉంది. మీరు చేరాక ప్రతి విభాగంలోనూ ఇలాంటి నోట్‌బుక్ ఎక్కడుందో వెతకండి. తప్పకుండా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఆసుపత్రిలో మీరు రోజూ వినే మాట బెడ్-డే. ఒక పేషెంట్ ఒక రోజు ఒక బెడ్డు మీద ఉంటే ఒక బెడ్-డే. 30 బెడ్ల వార్డు ఒకటి తీసుకోండి. కరెన్సీ వదిలేసి ఉత్త అంకెలే చెబుతాను. సగటున 27 బెడ్లు నిండి ఉంటాయి కాబట్టి 30 రోజుల నెలకు 810 బెడ్-డేలు. నెల ఖర్చు 32 లక్షల 40 వేలు. భాగిస్తే బెడ్-డేకి 4,000. ఎవరో ఒకరు ఈ అంకెను ఒకసారి లెక్క కట్టాక, అది ఆసుపత్రి అంతా తిరుగుతూ ఉంటుంది. ఏ ప్రతిపాదన తెచ్చినా అందులో దీన్ని వాడేస్తారు.

ఒకసారి ఒక డాక్టర్ల బృందం కొందరు పేషెంట్లను ఒక రోజు ముందే సురక్షితంగా ఇంటికి పంపే పథకం తయారు చేసింది. వైద్యపరంగా చాలా మంచి పథకం. ఏడాదికి 500 బెడ్-డేలు మిగులుతాయి, 500 ఇంటూ 4,000, మొత్తం 20 లక్షల ఆదా అని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో వేశారు. ఫైనాన్స్ తరఫున సరేనని సంతకం పెట్టమని నా దగ్గరికి పంపారు.

ఆ 32 లక్షల 40 వేలను విడదీసి చూడండి. జీతాలు 24 లక్షలు. కరెంటు, నిర్వహణ, పైనుంచి పంచిన ఓవర్‌హెడ్, అంటే ఆసుపత్రి ఉమ్మడి ఖర్చుల్లో వార్డు వాటా, కలిపి 5 లక్షలు. మందులు, సామగ్రి, భోజనం, దుప్పట్ల ఉతుకు లాంటివి, అంటే పేషెంటును బట్టి మారేవి, 3 లక్షల 40 వేలు. ఒక పేషెంట్ ఒక రోజు ముందే వెళ్లిపోతే నర్సు జీతం తగ్గదు, లైట్లు ఆరవు. తగ్గేది ఈ చివరి ముక్కే. దాన్ని 810తో భాగిస్తే బెడ్-డేకి సుమారు 420. అదీ ఎక్కువే, ఎందుకంటే పరీక్షలు, స్కాన్లు, ఖరీదైన ఇంజెక్షన్లు దాదాపు అన్నీ మొదటి రెండు మూడు రోజుల్లోనే అయిపోతాయి. వెళ్లిపోయే ముందు రోజు పేషెంటుకు రెండు మాత్రలు, భోజనం. మిగిల్చేది ఆ చవకైన రోజునే. అలా 20 లక్షల ఆదా 2 లక్షలకు దిగిపోయింది.

పోనీ ఆ 2 లక్షలైనా చేతికొస్తాయా అంటే, బెడ్డు ఖాళీగా ఉంచితేనే వస్తాయి. ఖాళీ అయిన గంటకే ఎమర్జెన్సీ నుంచి ఇంకో పేషెంట్ వచ్చి పడుకుంటారు. వాళ్లకది మొదటి రోజు, అన్నిటికంటే ఖరీదైన రోజు. చివరి రోజులను తీసేసి ఆ స్థానంలో మొదటి రోజులను పెట్టాం కాబట్టి వార్డు మందుల ఖర్చు పెరుగుతుంది! వేసిన ఏ బెడ్డూ ఖాళీగా ఉండదని మిల్టన్ రోమర్ అనే అమెరికా ఆరోగ్య పరిశోధకుడు 1960 ప్రాంతంలోనే గమనించి చెప్పాడు. ఆరోగ్య ఆర్థిక శాస్త్రంలో దాన్ని ఆయన పేరుతోనే సూత్రంగా పిలుస్తారు.

జీతాలు తగ్గవా అని మీరు అడగొచ్చు. తగ్గుతాయి, కానీ మెట్లు మెట్లుగా. రోజుకు ఆరుగురు చేరి సగటున నాలుగున్నర రోజులు ఉంటే 27 బెడ్లు నిండుతాయి. నాలుగు రోజులే ఉంటే 24 చాలు. కానీ ఆ మూడు ఖాళీలు వార్డులో ఇక్కడొకటి, అక్కడొకటి ఉంటే నర్సుల సంఖ్యలో ఏ మార్పూ రాదు. ఒకే గదిలోని ఆరు బెడ్లను పూర్తిగా మూసేయగలిగితేనే షిఫ్టుకు ఒకరు తగ్గుతారు. ఆ నిర్ణయం తీసుకునే ధైర్యం ఎవరికైనా ఉందా అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. లేకపోతే ఆదా అనే మాట ఆ స్లైడ్ మీద ఉండకూడదు.

నేను సంతకం పెట్టలేదు. అలాగని పథకాన్ని ఆపనూ లేదు. ఆ బృందంతో కూర్చుని స్లైడ్ మార్చాం. ఇప్పుడున్న సిబ్బందితో, ఇప్పుడున్న భవనంలోనే ఏడాదికి సుమారు 110 మంది పేషెంట్లకు అదనంగా చోటు దొరుకుతుంది, వాళ్ల మందులకు ఇంత అదనపు డబ్బు కావాలి అని రాశాం. ఆమోదం దొరికింది. పాత స్లైడే పైకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 20 లక్షలు మిగిలాయి కదా అని వచ్చే ఏడాది వార్డు బడ్జెట్‌లో 20 లక్షలు కోసేవారు. వార్డు ఏ తప్పూ చేయకుండానే లోటులో పడేది. అలా పడిన విభాగాలను నేను చూశాను. మంచి పని చేసినందుకు శిక్ష పడిందని వాళ్లు ఇంకెప్పుడూ ఏ పథకమూ తీసుకురారు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చేవాళ్లకు మింగుడుపడని ఇంకో విషయం ఖాళీ బెడ్డు. మనకు ఖాళీ మెషీన్ అంటే వృథా. ఇక్కడ అలా కాదు, ఎందుకంటే పేషెంట్లు షెడ్యూలు ప్రకారం రారు. 1999లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో దీన్ని లెక్క కట్టారు. ఎమర్జెన్సీ పేషెంట్లను తీసుకునే ఆసుపత్రిలో సగటున 85 శాతానికి మించి బెడ్లు నిండితే చోటు దొరకని ప్రమాదం కనబడటం మొదలవుతుంది, 90 శాతం చేరితే బెడ్ల కొరత మామూలైపోతుంది అని తేల్చారు. నేను పైన చెప్పిన వార్డు సరిగ్గా 90 శాతం మీద నడుస్తోంది. వినియోగం బాగుందని మీ రిపోర్టులో ఆకుపచ్చ రంగు వేస్తారు. అదే సమయంలో ఎమర్జెన్సీలో స్ట్రెచర్ల మీద మనుషులు ఎదురుచూస్తుంటారు. అంతా ఒకే 85 పట్టుకుని కూర్చోనక్కర్లేదు, వార్డు పరిమాణాన్ని బట్టి మారుతుంది. పెద్ద వార్డు ఇంకాస్త భరిస్తుంది, పది బెడ్ల వార్డు భరించలేదు.

డాక్టర్లు మన మాట వింటారా అన్నారు. వింటారు, కానీ మన మొదటి తప్పును చాలా కాలం గుర్తుపెట్టుకుంటారు. నా తప్పు చెబుతాను. ఒకే రకం ఆపరేషన్‌కు ఒక్కో సర్జన్ దగ్గర సగటు ఖర్చు ఎంతో పట్టిక వేసి, పేర్లతో సహా విభాగం మీటింగులో తెర మీద చూపించాను. అందరికంటే పైన ఉన్న సర్జన్ అప్పుడేమీ అనలేదు. మీటింగయ్యాక నన్ను ఆపి "ఆ పట్టికలో నా పేషెంట్లు ఎవరో మీకు తెలుసా?" అని ఒక్కమాట అడిగి వెళ్లిపోయారు. తర్వాత చూస్తే, ఒకసారి ఆపరేషన్ విఫలమై రెండోసారి చేయాల్సిన కేసులన్నీ ఆయనకే పంపుతున్నారు. వయసు, ఇతర జబ్బులు, రెండోసారి ఆపరేషన్లు వేరుచేసి మళ్లీ లెక్కిస్తే ఆయన ఖర్చు మధ్యలోకి వచ్చింది. పట్టికలో రెండో స్థానంలో ఉన్నవారి ఖర్చుకు మాత్రం నిజంగానే కారణం ఉంది: ఆపరేషన్ మొదలుకాకముందే పరికరాల ప్యాకెట్లు అన్నీ తెరిపించే అలవాటు. తెరిచినవి వాడకపోయినా పారేయాలి, లేదా మళ్లీ స్టెరిలైజ్ చేయాలి. థియేటర్‌లో ఓ మూల నిలబడి రెండు రోజులు చూశాకే ఇది తెలిసింది.

అప్పటి నుంచి డాక్టర్ల వారీ అంకెలు ఏవైనా ముందు ఆ డాక్టరుకే ఒంటరిగా చూపిస్తాను. "ఇందులో తప్పేమిటో చెప్పండి" అని అడుగుతాను. పదిసార్లలో ఆరుసార్లు తప్పు నిజంగానే దొరుకుతుంది. మిగతా నాలుగుసార్లు, మనం ఏమీ చెప్పకుండానే, ఆయనే "ఇది నేను మార్చుకోవచ్చు" అంటారు. మీటింగులో సగటు అనే మాట వాడితే వెంటనే వచ్చే ప్రశ్న "ఏ పేషెంట్ల సగటు?" అని. దానికి జవాబు జేబులో పెట్టుకోకుండా వెళ్లకండి.

ఈ చిక్కును విప్పడానికే పేషెంట్లను గ్రూపులుగా విడదీసే పద్ధతి పుట్టింది. యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ 1960 దశకం చివర్లో మొదలుపెట్టిన పని అది. జబ్బు, చికిత్స, ఖర్చు దగ్గరగా ఉన్న పేషెంట్లను ఒక గుంపుగా చేయడం. డీఆర్‌జీ అంటారు. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్, 1983 నుంచి ఆసుపత్రులకు ఈ గుంపుల ప్రకారమే చెల్లించడం మొదలుపెట్టింది. తర్వాత చాలా దేశాలు తమ తమ రూపాల్లో తెచ్చుకున్నాయి. మీరు చేరబోయే చోట డబ్బు ఇలా పనిని బట్టి వస్తుందా, ఏడాదికింత అని గంపగుత్తగా వస్తుందా అన్నది ముందే కనుక్కోండి. మీ పని స్వరూపమే మారిపోతుంది.

పనిని బట్టి వచ్చే చోట డిశ్చార్జ్ సమ్మరీ అంటే బిల్లు లాంటిదే. న్యుమోనియాతో వచ్చిన పేషెంటుకు షుగర్, కిడ్నీ సమస్య కూడా ఉండి, వాటికీ వైద్యం చేసి, సమ్మరీలో న్యుమోనియా అని మాత్రమే రాస్తే, ఆ పేషెంట్ తేలికైన గుంపులో పడతాడు. చేసిన పనికి డబ్బు రాదు. ఒక విభాగం రెండేళ్లు లోటులో ఉండటానికి కారణం ఖర్చు కాదు, జూనియర్ డాక్టర్లు రాత్రి రెండింటికి హడావుడిగా రాసిన సమ్మరీలు. దీన్ని సరిచేయించడం మన పనే. అయితే లేని జబ్బు రాయమని సూచించడం మోసం. పైనుంచి ఎంత టెన్షన్ పెట్టినా ఆ గీత దాటకండి.

గంపగుత్తగా వచ్చే చోట జబ్బు వేరు. ఏడాది చివరికి వాడకపోతే డబ్బు మురిగిపోతుంది కాబట్టి, చివరి రెండు నెలల్లో యంత్రాల ప్రతిపాదనలు వరదలా వస్తాయి. యంత్రం ధర ఒక్కటే రాసి ఉంటుంది. దాన్ని నడిపే టెక్నీషియన్, రసాయనాలు, ఏటా మెయింటెనెన్స్, కరెంటు, ఏసీ ఎవరూ రాయరు. నేను ఒకే పేజీ ఫారం పెట్టాను: ఐదేళ్లపాటు ప్రతి ఏడాదీ అయ్యే ఖర్చు, అది ఎవరి బడ్జెట్‌లోంచి, వాళ్ల సంతకం. ఆ సంతకం గడి చూసి సగం ప్రతిపాదనలు వాటంతటవే వెనక్కి వెళ్లాయి. విరాళంగా వచ్చే యంత్రాలకు ఇది మరీ ముఖ్యం. ఉచితంగా వచ్చిన ఏనుగుకైనా మేత మనమే పెట్టాలి.

ఓవర్‌హెడ్ పంపకం గురించి రెండు ముక్కలు చాలు. లాండ్రీ, వంటగది, అడ్మినిస్ట్రేషన్ ఖర్చులను మెట్టు మెట్టుగా దింపుతూ విభాగాలకు పంచే స్టెప్-డౌన్ పద్ధతి మీకు తెలిసిందే. ధరలు నిర్ణయించడానికి, ప్రభుత్వానికి నివేదికలకు అది కావాలి. కానీ విభాగం మీటింగులో ఆ అంకెలు చర్చకు పెడితే ఖర్చు పంచడానికి ఎవరి విభాగం ఎన్ని చదరపు అడుగులని గంటసేపు గొడవ పడతారు, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. వాళ్ల చేతిలో ఉన్న ఖర్చు గీతకు పైన, లేనిది కింద వేయండి. కింది భాగం గురించి మాట్లాడకండి.

ఒక్కో పనికి అసలు ఖర్చు ఎంతో తెలుసుకోవాలంటే, రాబర్ట్ కప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో వివరించిన సమయాధారిత పద్ధతి ఆసుపత్రికి బాగా నప్పుతుంది. నిమిషానికి ఎంత ఖర్చు, పనికి ఎన్ని నిమిషాలు, ఈ రెండే కావాలి. నేను దీన్ని ఒక ఓపీ విభాగంలో వాడాను. ఆ విభాగం ఒక్కో విజిట్ ఖర్చు తగ్గించామని గర్వంగా చూపించేది. పేషెంట్ వెంట నడిచి నిమిషాలు రాసుకుంటే అసలు కథ బయటపడింది. ఒక్కసారిలో అయ్యే పనికి మూడుసార్లు రమ్మంటున్నారు: డాక్టర్ని చూడటానికి ఒకసారి, పరీక్షకు ఒకసారి, రిపోర్టు చూపించడానికి ఇంకోసారి. విజిట్లు పెరిగాయి కాబట్టి విజిట్ ఖర్చు తగ్గింది. ఒక్కో పేషెంట్ మీద విభాగానికయ్యే మొత్తం ఖర్చు పెరిగింది. పేషెంట్ కూలి పోగొట్టుకుని మూడు రోజులు తిరగడం ఏ లెక్కలోనూ లేదు.

నెలవారీ పని రొటీనే. మొదటి మూడు నాలుగు రోజులు పుస్తకాలు మూయడం. వచ్చిన సరుకుకు బిల్లు రాకపోతే, ఏజెన్సీ నర్సుల బిల్లు ఆలస్యమైతే ప్రొవిజన్ వేయాలి, అంటే ఆ ఖర్చును అంచనాగా ఈ నెల లెక్కలోనే చూపాలి. అది మర్చిపోతే ఈ నెల మిగులు, వచ్చే నెల లోటు కనబడి మీ మాటకు విలువ పోతుంది. వేరే వార్డు ఖర్చు ఈ వార్డు కోడ్ మీద పడటం రోజూ జరిగేదే. తర్వాత విభాగాధిపతులతో మీటింగులు, సంవత్సరాంతపు అంచనా. ఎక్సెల్ బాగా వచ్చి ఉండాలి, డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ భాష కాస్త నేర్చుకుంటే ఐటీ వాళ్ల కోసం వారాల తరబడి ఎదురుచూసే బాధ తప్పుతుంది. రిపోర్టు రెండు పేజీలు దాటితే చదివేవాళ్లు ఉండరు. నా పద్నాలుగు పేజీలు ఎవరూ చదవలేదు, చదవకపోవడమే మంచిదైంది.

ఇరుక్కుపోతారా? జీతం ప్రైవేటు కంపెనీ కంటే తక్కువే ఉండొచ్చు, ప్రమోషన్లు నెమ్మదిగా వస్తాయి, అది నిజం. కానీ నా దగ్గర పనిచేసినవాళ్లలో కొందరు ఆసుపత్రి ఆపరేషన్స్ వైపు వెళ్లారు, కొందరు ఇన్సూరెన్స్‌కు, ఒకరు తిరిగి ఫ్యాక్టరీకే వెళ్లారు. డాక్టర్లతో మాట్లాడి ఒప్పించగలిగిన అకౌంటెంట్‌కు ఎక్కడైనా పని దొరుకుతుంది. నెలాఖరు రిపోర్టులు పంపడమే పని అనుకుని ఆఫీసు గది దాటనివాళ్లు మాత్రం నిజంగానే ఇరుక్కుపోతారు.

ఆఫర్‌కు సరే అనేముందు మూడు విషయాలు తెలుసుకోండి. విభాగాధిపతి మీటింగులకు మిమ్మల్ని పిలుస్తారా, లేక రిపోర్టు మెయిల్‌లో పంపితే చాలంటారా? మీకు ఎన్ని విభాగాలు అప్పగిస్తారు? ఐదారు దాటితే వార్డులకు నడిచి వెళ్లే టైము ఉండదు. మూడోది, 24 గంటలూ ఒక నర్సు ఉండాల్సిన స్థానానికి బడ్జెట్‌లో ఎంతమందిని వేసుకుంటారని అడగండి. ఐదు దరిదాపుల్లో చెబితే మంచిది. నాలుగు అంటే చేరొద్దని చెప్పను, మీ మొదటి ఏడాది ఆ ఒక్క అంకెను మార్పించడానికే పోతుంది, దానికి సిద్ధపడి చేరండి. "అలాంటి లెక్కేదీ మేం వేయం, పోయిన ఏడాది దానికి కొంత శాతం కలుపుతాం" అంటే ఇంకో చోట చూసుకోండి.